నల్లబడిన ఓవరీని తీయకుండా ఉంచాం: పదమూడేళ్ల అమ్మాయిలో మెలిపడిన డెర్మాయిడ్ గడ్డ, ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి అమ్మాయి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు, అమ్మాయి కూడా సరే అంది. ఊరు, తేదీలు, ఆసుపత్రులు, కుటుంబం వివరాలు వదిలేశాను. జిల్లాల్లో పనిచేసే డాక్టర్లకూ, ఆడపిల్లలున్న తల్లిదండ్రులకూ ఇది ఉపయోగపడాలని నా ఆశ. ఓవరీ (అండాశయం) తన కాడ మీద మెలితిరగడం రోజూ చూసే జబ్బు కాదు. కానీ వచ్చినప్పుడు ఆ ఒక్క రోజు మనం తీసుకునే నిర్ణయాన్ని ఆ పిల్ల జీవితాంతం మోయాలి.

నేపథ్యం

అమ్మాయి ఎనిమిదో తరగతి. బరువు 36 కిలోలు. పెద్దమనిషి అయి ఎనిమిది నెలలు. ఒక నెల బయట చేరితే తర్వాత రెండు నెలలు రావట్లేదని తల్లి చెప్పింది. ఈ వయసులో అది మామూలే, దానికి మందులేమీ అక్కర్లేదు.

అసలు కథ అంతకు రెండు నెలల ముందు మొదలైంది. కుడివైపు పొత్తికడుపులో ఉన్నట్టుండి నొప్పి, దాంతోపాటే ఒకటి రెండు వాంతులు, గంటా రెండు గంటల్లో అంతా సర్దుకోవడం. ఇలా కొన్నిసార్లు జరిగింది. మొదటిసారి బయటి తిండి అనుకున్నారు. తర్వాత ఆర్‌ఎంపీ గ్యాస్ ట్రబుల్ అని మాత్రలిచ్చాడు. ఇంకోసారి నెలసరి వచ్చే ముందు నొప్పి అనుకుని వేడినీళ్ల కాపడం పెట్టారు. అమ్మమ్మ దిష్టి కూడా తీసింది. ప్రతిసారీ నొప్పి దానంతటదే తగ్గింది కాబట్టి చేసిన ప్రతిదీ పనిచేసినట్టే కనిపించింది.

వచ్చిపోయే నొప్పి, నొప్పితోపాటే వాంతి, మధ్యలో పూర్తిగా మామూలుగా ఉండటం. ఆడపిల్లలో ఈ మూడూ కలిస్తే ఓవరీ కొద్దిగా మెలిపడి మళ్లీ విప్పుకుంటోందేమోనని అనుమానించాలి. పొట్ట మీద ఒక స్కాన్ తీస్తే ఓవరీలో ఇంత గడ్డ ఉంటే కనబడుతుంది. ఆ స్కాన్ ఎవరూ రాయలేదు.

మా దగ్గరికి వచ్చిన రోజు

ముందురోజు మధ్యాహ్నం స్కూల్లో ఆటల పీరియడ్‌లో పరిగెడుతుండగా నొప్పి మొదలైంది. ఈసారి తగ్గలేదు. సాయంత్రానికి దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. కుడివైపు నొప్పి, వాంతులు, తెల్లకణాలు 12 వేల పైన ఉండటంతో అక్కడ అపెండిక్స్ అనుకున్నారు. సెలైన్ ఎక్కించి, నొప్పికి ఇంజెక్షన్, యాంటీబయోటిక్ ఇచ్చారు. రాత్రి స్కాన్‌లో కుడివైపు 9 సెంటీమీటర్ల గడ్డ కనబడింది. డాప్లర్‌లో, అంటే రక్తప్రవాహాన్ని చూపే స్కాన్‌లో, రక్తప్రసరణ ఉంది కాబట్టి మెలిక లేదని రాశారు. పొద్దున్న దాకా చూద్దామన్నారు. మా దగ్గరికి వచ్చేసరికి నొప్పి మొదలై ఇంచుమించు ఇరవై గంటలు.

మంచం మీద ఒక పక్కకు ముడుచుకుని పడుకుంది. కాళ్లు చాపమంటే చాపలేదు. జ్వరం లేదు, నాడి 118. పొట్ట మీద చెయ్యి వేస్తే బొడ్డు కింద గట్టిగా ఏదో తగులుతోంది. లోపలి పరీక్ష చెయ్యలేదు. ఈ వయసు పిల్లలకు అది అవసరం లేదు, దానివల్ల కొత్తగా తెలిసేదీ ఏమీ ఉండదు.

అపెండిక్స్ అనుకోవడంలో తప్పు పట్టడానికి లేదు. నిజానికి ఓవరీ మెలిక ఎక్కువగా కుడివైపే వస్తుంది, ఎడమవైపు పెద్దపేగు చివరి భాగం ఉండి ఓవరీ కదలడానికి చోటు తక్కువ. కాకపోతే నొప్పి వచ్చిన తీరు అడిగితే తేడా తెలుస్తుంది. అపెండిక్స్ నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటలకు కుడివైపు దిగుతుంది, వాంతులు ఆ తర్వాత వస్తాయి. ఈ పిల్లకు మొదటి నిమిషం నుంచే కింద కుడివైపు, వాంతీ అప్పుడే. పైగా అపెండిక్స్ వాపు రెండు నెలలుగా గంటసేపు వచ్చి పోతూ ఉండదు.

డాప్లర్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో ఒక రాత్రంతా పోయింది అక్కడే. ఓవరీకి రక్తం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పైనుంచి దిగే ఓవరియన్ ధమని, రెండోది గర్భాశయం వైపు నుంచి వచ్చే కొమ్మ. మెలిపడినప్పుడు మొదట నొక్కుకుపోయేవి గోడలు పల్చగా ఉండే సిరలు. అంటే లోపలికి రక్తం వస్తూనే ఉంటుంది, బయటికి పోదు, ఓవరీ ఉబ్బిపోతూ ఉంటుంది. ఆ దశలో డాప్లర్ పెడితే ప్రవాహం కనబడుతుంది. ప్రవాహం లేదంటే మెలికకు అది బలమైన గుర్తు. ప్రవాహం ఉందంటే మాత్రం మెలిక లేదని కాదు. నొప్పి తీరు ఒకటి చెబుతూ డాప్లర్ ఇంకొకటి చెబితే నేను నొప్పినే నమ్ముతాను.

మా రేడియాలజిస్ట్ మూత్రాశయం నిండేలా చేసి పొట్ట మీదనుంచి మళ్లీ చూశారు. గడ్డలో కొవ్వు, ఒక మూల పన్ను లాంటి సున్నపు ముక్క, సన్నటి గీతల్లా వెంట్రుకలు. డెర్మాయిడ్ అని దాదాపుగా తేలిపోయింది, అంటే లోపల కొవ్వు, వెంట్రుకలు, పళ్లు పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ. గడ్డ పక్కనే ఉబ్బిన ఓవరీ అంచు, అందులో ఫాలికల్స్ (గుడ్లుండే చిన్న తిత్తులు) చుట్టూ ఓరకు నెట్టుకుపోయి ఉన్నాయి. గర్భాశయం కుడివైపుకు లాగినట్టు ఉంది. కాడ దగ్గర ప్రోబ్ కదిపితే రక్తనాళాలు సుడి తిరుగుతున్నట్టు కనబడ్డాయి. ఇక ఆలోచించడానికి ఏమీ లేదు, వెంటనే థియేటర్.

ఆ పిల్లతో విడిగా మాట్లాడటం

ఇలాంటి కేసుల్లో హెచ్‌సీజీ పరీక్ష తప్పకుండా చేస్తాం. అది గర్భం పరీక్షే, కానీ కొన్ని రకాల ఓవరీ కణితుల్లోనూ ఈ హార్మోన్ పెరుగుతుంది. ఆ మాట వినగానే తల్లి ముఖం మారిపోయింది. “మేడమ్, మా పిల్లకా ఆ టెస్టు?” అంది. రెండు కారణాలూ ఆమెకు చెప్పాను, మీ అమ్మాయి మీద అనుమానంతో కాదని చెప్పాను. తర్వాత సిస్టర్‌ను పక్కన ఉంచుకుని అమ్మాయితో విడిగా కాసేపు మాట్లాడాను. ఏం జరుగుతోందో, ఏం చేయబోతున్నామో చెప్పాను. తను అడిగింది ఒక్కటే: “మేడమ్, పొట్ట మొత్తం కోస్తారా?” మూడు చిన్న రంధ్రాలని వేలితో చూపించాను. సంతకం తల్లిదండ్రులదే అయినా, తనతో సరే అనిపించుకున్నాకే ముందుకెళ్లాను.

తండ్రి భయం వేరు. “చెడిపోయిందంటే తీసెయ్యండి మేడమ్. రెండోది ఉందిగా. మళ్లీ మళ్లీ కొయ్యడం ఎందుకు?” అన్నాడు. ఆ మాటలో ప్రేమే ఉంది. కాడ మెలిపడిన కాయలాంటిదని చెప్పాను. వాడినట్టు కనబడినా, కాడ సరిచేస్తే మళ్లీ నీళ్లెక్కుతుంది, ముందే కోసేస్తే ఏ అవకాశమూ ఉండదు. రెండోది ఉందిగా అనుకోవడానికీ లేదు. డెర్మాయిడ్ దాదాపు పది మందిలో ఒకరికి రెండోవైపు కూడా వస్తుంది. ఇవాళ ఇది తీసేసి, ఇరవై ఏళ్లకు రెండోవైపు ఇదే పరిస్థితి వస్తే ఆ అమ్మాయికి ఏం మిగులుతుంది? యోనిలోంచి ఏ పరికరమూ పెట్టబోమని కూడా వాళ్లు అడక్కముందే చెప్పాను. ఆ భయం చాలా ఇళ్లలో ఉంటుంది, నోరు తెరిచి అడగరు.

మొదటి ఆపరేషన్: ఎందుకు అంతటితో ఆపాం

థియేటర్‌లోకి వెళ్లే ముందే నా మనసులో ఒక విభజన చేసుకున్నాను. ఈ పిల్లకు ఉన్నవి రెండు సమస్యలు. మెలికకు గంటల్లో లెక్క. గడ్డకు వారాల్లో లెక్క. రెండింటినీ ఒకే రాత్రి తేల్చేయాలనుకున్నప్పుడే ఓవరీ బకెట్‌లో పడుతుంది.

గడ్డను ముట్టుకోకూడదనుకోవడానికి ఇంకో కారణం ఉంది. కొన్ని కణితుల్లో పెరిగే ఏఎఫ్‌పీ, ఎల్‌డీహెచ్ రక్తపరీక్షలు పంపాం కానీ రిపోర్టులు మర్నాటికిగానీ రావు. మూత్రంలో గర్భం పరీక్ష మాత్రం లేదనే చూపింది. ఈ వయసులో ఓవరీలో వచ్చే కణితుల్లో ఎక్కువగా కనబడేది డెర్మాయిడే, అంటే పరిపక్వ టెరటోమా. క్యాన్సర్ గడ్డలు మెలిపడటం కూడా తక్కువే. కానీ తక్కువంటే అసలు లేదని కాదు. ఒకవేళ అది క్యాన్సరై మన చేతుల్లో పగిలితే, ఓవరీకే పరిమితమైన ఒకటో దశ కూడా ఐసీ అనే పై మెట్టుకు చేరుతుంది. అంతర్జాతీయ గైనకాలజిస్టుల సమాఖ్య (ఫిగో) 2014 వర్గీకరణలో ఆపరేషన్‌లో పగలడానికి ఐసీ1 అని విడిగా ఒక గుర్తు ఉంది. దాంతో పిల్లకు కీమో అవసరం పడొచ్చు. రిపోర్టు లేకుండా గడ్డను కోయడానికి నాకు కారణం కనబడలేదు. అలాగని రిపోర్టు కోసం మెలికను ఆపడానికీ లేదు.

చిన్నపిల్లల్లో పొట్టలోకి వెళ్లే దారి గురించి జాగ్రత్త పడాలి. పొట్ట గోడ పల్చన, సాగుతుంది, వెన్నెముక ముందుండే మహాధమనికీ బొడ్డుకూ దూరం చాలా తక్కువ. ఈ పిల్లకైతే గడ్డ బొడ్డు దాకా ఉంది. గుడ్డిగా సూది గుచ్చే పద్ధతి వద్దనుకుని బొడ్డు దగ్గర పొర పొరగా చూస్తూ తెరిచి కెమెరా పెట్టాం. పొట్ట ఉబ్బించే గ్యాస్ ఒత్తిడి 10 (మి.మీ. పాదరసం) దాటనివ్వలేదు. పరికరాలు వెళ్లే 5 మిల్లీమీటర్ల గొట్టాలు (పోర్టులు) రెండు, పెద్దవాళ్లకు పెట్టేచోటు కంటే కొంచెం పైన. పిల్లల్లో మూత్రాశయం పొట్టలోకి ఎత్తుగా ఉంటుంది కాబట్టి ముందే మూత్రానికి కాథెటర్ వేసి, పొట్ట ముందువైపు కింది భాగంలో రంధ్రం పెట్టకుండా వదిలేశాం.

కెమెరాలో కనబడింది: కుడి ఓవరీ, పక్కనున్న ట్యూబు (అండవాహిక) కలిసి మూడు చుట్లు తిరిగి ఉన్నాయి. నేరేడు పండు రంగు. ముందుగా కాడ దగ్గర గ్రాస్పర్ అనే పట్టకారుతో పట్టుకుని తిప్పబోయాం. ఉబ్బిన కణజాలం పట్టు నిలవనివ్వలేదు, పట్టిన చోటల్లా చిట్లి రక్తం వస్తోంది. గడ్డలోంచి కొంత పీల్చేస్తే తేలికవుతుందని అసిస్టెంట్ అన్నాడు. వద్దన్నాను. డెర్మాయిడ్‌లో ఉండేది వెన్నలాంటి కొవ్వు, వెంట్రుకలు, సూదిలో ఇరుక్కుపోతాయి తప్ప రావు. కారితే పొట్ట పొరలకు రసాయన వాపు వస్తుంది. పైగా అది ఏ గడ్డో ఇంకా కాగితం మీద తేలలేదు. పట్టుకోవడం మానేసి, తల కిందికి వాల్చి, మొద్దు చివర ఉన్న రాడ్‌ను గడ్డ అడుగున పెట్టి నెమ్మదిగా తోశాం. బరువుకు బరువే సాయం చేసింది. ఒక్కో చుట్టూ విప్పుకుంది.

పదిహేను నిమిషాలు ఆగాం. ట్యూబు కొంచెం గులాబీ రంగుకొచ్చింది. ఓవరీ మాత్రం నల్లగానే ఉంది.

ఇక్కడే చాలామంది సర్జన్లు ఓవరీ తీసేస్తారు. నేను చదువుకున్న రోజుల్లో నేర్పింది కూడా అదే. విప్పితే సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరుతుందని, అందుకే విప్పకముందే కాడకు క్లాంప్ వెయ్యాలని చెప్పేవారు. ఆ భయానికి ఆధారం లేదని తర్వాత తేలింది. విప్పినవాళ్లలో ఆ ప్రమాదం పెరగలేదు. రంగు సంగతీ అంతే. నల్లగా ఉండటం ఎక్కువసార్లు లోపల నిలిచిపోయిన రక్తం వల్ల, చచ్చిపోయిన కణజాలం వల్ల కాదు. కంటితో చూసి బతుకుతుందో లేదో చెప్పడంలో మనం తరచూ పొరబడతాం. అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2019లో కౌమార బాలికల మెలికల గురించి ఇచ్చిన సూచనల్లో, ముట్టుకుంటే విడిపోయేంత కుళ్లితే తప్ప ఓవరీ తీయొద్దని స్పష్టంగా చెప్పింది. ఈ ఓవరీ విడిపోవట్లేదు. ఉంచేశాం.

పొట్ట కడిగిన నీరు కొంచెం పరీక్షకు తీసుకున్నాం. రెండో ఓవరీ, కాలేయం, ఒమెంటం (పేగుల ముందు వేలాడే కొవ్వు పొర) చూశాం, బాగున్నాయి. అపెండిక్స్ కూడా మామూలుగా ఉంది, ముట్టుకోలేదు. ఓవరీని గోడకు కుట్టి కదలకుండా చేయడం గురించి ఆలోచించి వద్దనుకున్నాం. మొదటిసారి మెలికకు, అదీ గడ్డ బరువువల్ల వచ్చినదానికి, అది అవసరమని నాకు అనిపించలేదు. ఉబ్బిన కణజాలంలో కుట్టు నిలవదు కూడా.

టెన్షన్ పెట్టిన రోజులు

మర్నాటికి నొప్పి బాగా తగ్గింది. ఏఎఫ్‌పీ, రక్తంలో హెచ్‌సీజీ మామూలు. ఎల్‌డీహెచ్ కొంచెం ఎక్కువ. ఎల్‌డీహెచ్ పెరిగితే డిస్‌జర్మినోమా అనే కణితి గుర్తొస్తుంది. కానీ రక్తం అందక దెబ్బతిన్న ఏ కణజాలమైనా ఎల్‌డీహెచ్ వదులుతుంది. గడ్డలో కొవ్వు, పన్ను కనబడుతున్నాయి, గట్టి ముద్ద భాగం పెద్దగా లేదు. కాబట్టి కంగారుపడి నిర్ణయం మార్చకుండా కొన్ని వారాల తర్వాత మళ్లీ చేద్దామనుకున్నాం. ఓవరీ క్యాన్సర్ అనుమానంలో చేసే సీఏ-125 రక్తపరీక్ష అసలు చేయించలేదు. మెలికలోనూ, నెలసరిలోనూ పెరిగే పరీక్ష అది. ఈ వయసులో దానివల్ల భయం తప్ప స్పష్టత రాదు.

రెండో రోజు జ్వరం 101 దాకా వచ్చింది. తండ్రి నేరుగా అడిగాడు: “కుళ్లింది లోపల ఉంచేశారనా మేడమ్?” ఆ ప్రశ్నకు జవాబు మాటల్లో కాదు, పరీక్షల్లో ఉండాలి. పొట్ట మెత్తగా ఉంది, నాడి 90కి దిగింది, పేగులు కదులుతున్నాయి, స్కాన్‌లో చీము లేదు. మెలిక విప్పిన తర్వాత కొందరిలో ఒకటి రెండు రోజులు ఇలా జ్వరం వస్తుంది. అదే చెప్పి, ఆరు గంటలకోసారి చూస్తూ ఉన్నాం. మరుసటి రోజు సాయంత్రానికి తగ్గింది. నాడి పెరిగి, పొట్ట గట్టిపడి ఉంటే మళ్లీ కెమెరా పెట్టేవాళ్లం, ఆ మాటా వాళ్లతో ముందే చెప్పాను.

ఇంటికి పంపేటప్పుడు ఆటలు, స్కిప్పింగ్, బరువులు ఎత్తడం వద్దన్నాం. గడ్డ లోపలే ఉంది, మళ్లీ మెలిపడొచ్చు. నొప్పి, వాంతి కలిసి వస్తే గంటలోపు బయల్దేరమని చెప్పి ఒక ఫోన్ నంబరు ఇచ్చాం. గడ్డను ఆరోజే తీసేసే సర్జన్లున్నారు, వాళ్ల వాదనలోనూ బలం ఉంది: రెండో మత్తు, రెండో ఖర్చు తప్పుతాయి, మధ్యలో మళ్లీ మెలిపడే ప్రమాదం ఉండదు. వాపు తక్కువగా ఉండి, రిపోర్టులు చేతిలో ఉంటే నేనూ అదే చేస్తాను. కుటుంబం తిరిగి రాదని అనిపించినా నా లెక్క మారేది. ఈ తల్లిదండ్రులు వస్తారని నమ్మకం కుదిరింది.

రెండో ఆపరేషన్

ఆరు వారాల స్కాన్‌లో ఓవరీ వాపు పోయింది. అంచున ఫాలికల్స్ చక్కగా కనబడుతున్నాయి, రక్తప్రసరణ ఉంది. థియేటర్‌లో నల్లగా చూసిన ఓవరీయే అది. ఎల్‌డీహెచ్ మామూలుకొచ్చింది, పొట్ట కడిగిన నీటిలో చెడు కణాలు లేవు. రెండు వారాల తర్వాత అవే రంధ్రాల గుండా గడ్డ తీయడానికి వెళ్లాం.

ఓవరీ పైపొరను కత్తెరతో కోసి, గడ్డ గోడకూ ఓవరీకీ మధ్య సందు వెతికాం. కాడ వైపు మొదలుపెడితే సందు తెరుచుకోలేదు, పాత వాపు అక్కడ పొరల్ని అతికించేసింది. బలవంతంగా లాగితే గడ్డతోపాటు మంచి ఓవరీ ఊడి వస్తుంది. వదిలేసి ఎదుటి అంచుకు మారి, సన్నటి సూదితో సెలైన్ ఎక్కించాం. నీరే పొరల్ని విడదీసింది. కరెంటుతో కాల్చడం వీలైనంత తగ్గించాం, ఎందుకంటే గుడ్లుండేది సరిగ్గా ఆ పైపొరలోనే, వేడికి అవి పోతాయి.

చివర్లో గోడ ఒకచోట చిట్లి కొవ్వు కారింది. అలా జరగొచ్చని గడ్డ అడుగున ముందే సంచి పరిచి ఉంచాం, చాలావరకు అందులోనే పడింది. మిగిలినదాన్ని గోరువెచ్చటి సెలైన్‌తో, నీరు తేటగా వచ్చేదాకా కడిగాం. నాలుగు లీటర్లు పైనే పట్టింది. చల్లటి సెలైన్ వాడితే కొవ్వు పేరుకుపోయి రాదు, 36 కిలోల పిల్లకు ఒళ్లు కూడా చల్లబడిపోతుంది. సంచిని బొడ్డు రంధ్రం దగ్గరికి లాగి, బయటే తెరిచి లోపలున్నది తీసేశాం. జడలా చుట్టుకున్న నల్లటి వెంట్రుకలు, ఒక బుల్లి దంతం. ఓవరీ అంచులు వాటంతటవే దగ్గరికొచ్చాయి, కుట్టు అవసరం పడలేదు.

పాథాలజిస్టుకు కాగితం మీద వయసు రాసి, గట్టిగా ఉన్న భాగాల్నుంచి ఎక్కువ ముక్కలు చూడమని అడిగాం. ఈ వయసులో అపరిపక్వ టెరటోమా, అంటే దీని క్యాన్సర్ రకం, చిన్న చోట దాక్కుని ఉండొచ్చు. రిపోర్టు పరిపక్వ టెరటోమా అనే వచ్చింది, అపరిపక్వ కణజాలం లేదు.

మరొకరికి ఇదే దారి పట్టకూడని సందర్భాలు కూడా చెప్పాలి. గడ్డ ఎక్కువ భాగం గట్టిగా ఉన్నా, పొట్టలో నీరు చేరినా, ఏఎఫ్‌పీ లేదా హెచ్‌సీజీ పెరిగినా కీహోల్ (చిన్న రంధ్రాల) ఆపరేషన్ మీద మోజు పెట్టుకోకూడదు. అక్కడ ముఖ్యం చిన్న మచ్చ కాదు, గడ్డ పగలకుండా బయటికి రావడం. అలాంటి పిల్లను పిల్లల క్యాన్సర్ ఆపరేషన్లు చేసే చోటికి పంపాలి. ఈ పిల్లకు కీహోల్ ఎంచుకున్నది మచ్చ కోసం మాత్రమే కాదు. పొట్ట తెరిస్తే లోపల అతుకులు ఎక్కువ పడతాయి, అవి ట్యూబుల్ని ముడేస్తే కాపాడిన ఓవరీ వల్ల ప్రయోజనం తగ్గిపోతుంది.

డిశ్చార్జి కాగితం

రెండో ఆపరేషన్ తర్వాత ఇంటికి వెళ్లేరోజు తల్లి నెమ్మదిగా దగ్గరికొచ్చి అడిగింది: “మేడమ్, కాగితంలో అపెండిక్స్ ఆపరేషన్ అని రాయండి. రేపు పెళ్లి సంబంధాలప్పుడు ఓవరీ అంటే ఏమేమో అనుకుంటారు.”

ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. కానీ రాయలేదు. కారణం ఆమెకు విడమరిచి చెప్పాను. ఈ పిల్లకు అపెండిక్స్ లోపలే ఉంది. రేపు ఎప్పుడైనా నిజంగా అపెండిక్స్ వాచి కుడివైపు నొప్పితో ఏ ఊళ్లోనో ఆసుపత్రికి వెళ్తే, ఈ కాగితం చూసిన డాక్టరు అది ఎప్పుడో తీసేశారనుకుంటాడు. ఎడమవైపు ఓవరీ మెలిపడితే, ఈ పిల్లకు డెర్మాయిడ్ ఉండేదని తెలియక మళ్లీ గ్యాస్ మాత్రలిస్తారు. కాగితం బంధువులకు చూపించాల్సింది కాదు, ఇంట్లో బీరువాలో ఉంచుకోండి అన్నాను. స్కూలుకు ఇచ్చే లెటర్‌లో మాత్రం పొట్టకు ఆపరేషన్ అయింది, నెల రోజులు ఆటలు వద్దు అని రాసిచ్చాను. అది అబద్ధం కాదు, అంతకుమించి స్కూలుకు తెలియాల్సిందీ లేదు.

ఓవరీ రెండూ ఉన్నాయని, నెలసరికీ రేపు పిల్లలు పుట్టడానికీ ఈ ఆపరేషన్ అడ్డం కాదని అమ్మాయి ముందే చెప్పాను. అమ్మాయి వినాలనే అలా చెప్పాను.

ఆరు నెలల స్కాన్‌లో రెండు ఓవరీలూ బాగున్నాయి. ఇక ఏడాదికోసారి పొట్ట మీద స్కాన్, రెండోవైపు కూడా చూస్తూ. ఈమధ్య వచ్చినప్పుడు నెలసరి కుదురుకుందని తల్లి చెప్పింది. అమ్మాయి కబడ్డీ ఆడొచ్చా అని అడిగింది, ఆడమన్నాను. నొప్పి, వాంతి కలిసి వస్తే మాత్రం ఎవరు ఏమన్నా సరే అదే రోజు స్కాన్ చేయించుకోవాలని తనతోనే ఇంకోసారి చెప్పించుకుని పంపాను.